ఆయిల్ లైటు

ఈ సంక్రాంతికి నల్లపాడు వెళ్ళినప్పుడు నాన్న ట్రాక్టర్ ఎక్కాను. ఎక్కానంటే నడపడానికేం కాదు, మా అబ్బాయి ఫొటో తీస్తానంటేనూ. స్టీరింగ్ ముందు మీటర్ల పక్కన చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఉంది. గోటితో గీకబోతుంటే కిందనుంచి నాన్న కేక.

"ఒరే, దాన్ని కదిలించమాక!"

"ఏంది నాన్నా ఇది?"

"ఆయిల్ లైటు. బండి స్టార్ట్ చేసిన కాణ్ణుంచీ ఆపేదాకా వెలుగుతానే ఉంటది. రాత్రిపూట కళ్ళల్లో పొడుస్తందని మూసేశా."

మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. ఎందుకంటే మా ఇద్దరి మధ్య పదిహేనేళ్ళకి పైగా నడుస్తున్న వాదన ఒకటుంది. అది కూడా ఆయిల్ లైటు గురించే. కాకపోతే ట్రాక్టర్‌ది కాదు, హెలికాప్టర్‌ది.

2009 సెప్టెంబర్ 2, బుధవారం. మీలో చాలామందికి ఆ రోజు ఎక్కడున్నారో గుర్తుండే ఉంటుంది. నేను మాదాపూర్‌లో ఆఫీసులో ఉన్నాను. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ ఉదయం 8 గంటల 38 నిమిషాలకి బేగంపేటలో లేచింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండ మొదలుపెట్టాలి. దిగాల్సిన టైముకి దిగలేదు. మధ్యాహ్నానికల్లా మా ఫ్లోర్లో ఒక్కడూ కోడ్ రాయట్లేదు. క్యాంటీన్లో టీవీ ముందు జనం. సురక్షితంగా దిగారు, రోడ్డు మీద వస్తున్నారు అని ఒక స్క్రోలింగ్. కాదు, ఇంకా ఆచూకీ లేదు అని ఇంకో స్క్రోలింగ్. ఏది నమ్మాలో తెలీదు.

నాలుగింటికి నాన్న ఫోన్. మామూలుగా ఆయన ఆఫీసు టైములో చెయ్యడు.

"ఏరా, మీరంతా కంప్యూటర్లోళ్ళేగా. గూగుల్లో భూమంతా కనపడుద్దని మొన్న మన పొలం చూపిచ్చావు. ఆ హెలికాప్టర్ యాడుందో చూడలేవా?"

అవి ఎప్పుడో తీసిన ఫొటోలు నాన్నా, ఇప్పటివి కావు అని చెప్పాను. "మరెందుకురా అయ్యి?" అని పెట్టేశాడు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ రాత్రి ఇస్రో ఉపగ్రహాలూ, వేడిని పసిగట్టే కెమెరాలున్న సుఖోయ్ విమానాలూ, వేలమంది పోలీసులూ, అడవి తెలిసిన చెంచులూ అందరూ వెతికారు. మర్నాడు పొద్దున వాయుసేన హెలికాప్టర్లకి నల్లమలలో రుద్రకోడూరు దగ్గర పావురాలగుట్ట మీద శకలాలు కనపడ్డాయి. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. నల్లపాడు నుంచి నంద్యాల పోయే రైలు ఆ నల్లమలనే దిగువమెట్ట దగ్గర దాటుతుంది. చిన్నప్పుడు ఆ సొరంగాల్లోంచి వెళ్తుంటే కిటికీ దగ్గర సీటు కోసం మా చెల్లీ నేనూ కొట్టుకునేవాళ్ళం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను రాజశేఖరరెడ్డి అభిమానిని కాదు, అప్పుడూ ఇప్పుడూ. ఆయన హయాం మీద వచ్చిన ఆరోపణల గురించి నాన్నతో చాలాసార్లు గొడవపడ్డాను. నాన్న లెక్క వేరు. 2004 మే 14న ప్రమాణ స్వీకారం రోజునే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది, మా బోరు బిల్లు పోయింది. 2008లో బాబాయికి గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద రూపాయి ఖర్చు లేకుండా అయింది. "నువ్వు నెలకి పంపే డబ్బులు లెక్కేసుకో, బాబాయి ఆపరేషన్‌కి ఎన్ని నెలలు పంపాలో" అన్నాడొకసారి. వేసుకున్నాను. తర్వాత ఆ టాపిక్ ఎత్తలేదు.

కాబట్టి 3వ తారీఖు మా ఇంట్లో పొయ్యి వెలగలేదంటే నేను ఎగతాళి చెయ్యను. మిర్చి యార్డు మూతపడింది. ఆ ఏడు వానలు లేటు, అప్పుడప్పుడే నాలుగు చినుకులు పడి మిరప నారు అందుకుంటోంది. నాన్న మూడు రోజులు చేను మొహం చూడలేదని అమ్మ చెప్పింది. వెళ్ళి చూసినా చూడకపోయినా అక్టోబర్ 2కి వరదలొచ్చి కర్నూలు ఊరు ఊరంతా మునిగింది, సరిగ్గా నెలకి. ఆ యేడాదిని మావాళ్ళు ఇప్పటికీ ఒక్క ముక్కలోనే చెప్తారు. "ఆయన పొయ్యిన యేడు".

తెలుగువాళ్ళకి అంతకుముందు ఏడేళ్ళలో ఇది మూడోది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ పడి పోయారు. 2004 ఏప్రిల్ 17న సౌందర్య, ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావడానికి బెంగుళూరు జక్కూరులో చిన్న సెస్నా విమానం ఎక్కితే, లేచిన కాసేపటికే కూలింది. అందుకే జనం మూడోసారి మామూలు ప్రమాదం అంటే నమ్మడానికి సిద్ధంగా లేరు. "ప్రతిసారీ మనోళ్ళేనా పొయ్యేది?" అనేవాడు నాన్న. సగటు గురించి, సంభావ్యత గురించి నేను మొదలెట్టేవాణ్ణి. ఆయన మధ్యలోనే లేచి గేదెకి గడ్డెయ్యడానికి వెళ్ళిపోయేవాడు :)

2010 జనవరిలో ఒక విదేశీ వెబ్‌సైటు రాసిన కుట్ర కథని మన టీవీ ఛానల్ ఒకటి పట్టుకుని ప్రసారం చేసింది. అదే రాత్రి రాష్ట్రమంతా ఒక పెద్ద వ్యాపార సంస్థ దుకాణాల మీద దాడులు. ఎవరు రాశారు, ఎక్కడ రాశారు, ఆధారం ఏంటి? ఎవడికీ పట్టలేదు. మా ఫీల్డులో పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఆ లింకుని ఫార్వర్డ్ చేశారు. నాకైతే అద్దాలు పగలడం కన్నా ఆ ఫార్వర్డే ఎక్కువ బాధ కలిగించింది.

దాదాపు అదే రోజుల్లో ప్రమాదం మీద అసలు నివేదిక బయటికొచ్చింది. అప్పటి పవన్ హన్స్ అధిపతి ఆర్.కె. త్యాగి కమిటీది. ఆ కథనం చదివినవాళ్ళలో పదోవంతు కూడా దీన్ని చదివి ఉండరు. నేను చదివాను. ఒకసారి కాదు, అప్పట్నుంచి ఇప్పటిదాకా చాలాసార్లు.

ఆ హెలికాప్టర్ బెల్ 430. రెండు ఇంజన్లది. ఇంజన్ వేలల్లో తిరుగుతుంది, పైన రెక్కలు నిమిషానికి వందల్లో తిరగాలి. ఆ మధ్యలో వేగాన్ని తగ్గించి బలాన్ని అందించేది గేర్‌బాక్సు. రెండు ఇంజన్లున్నా పెద్ద గేర్‌బాక్సు ఒక్కటే. మన భాషలో చెప్పాలంటే సర్వర్లు రెండు, కానీ రెండిటికీ ఒకటే స్విచ్. అందుకే దాంట్లో ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరిక వస్తే ఏ పైలట్‌కైనా గుండె జారుతుంది.

9 గంటల 20 దాటాక ఆ హెచ్చరిక వచ్చింది. అప్పటికే వాళ్ళు కృష్ణ దాటి నల్లమల మీద, వాన మేఘాల మధ్య ఉన్నారు. మేఘాల్ని తప్పించుకోడానికి అసలు దారికి కొంత తూర్పుగా జరిగారు. హెచ్చరిక రాగానే ఏం చెయ్యాలో చెప్పే పేజీ కోసం మాన్యువల్ తియ్యడం మొదలైంది. ఆ పేజీ వెంటనే దొరకలేదు. వెతుకులాట దాదాపు ఆరు నిమిషాలు. ఇద్దరి ధ్యాసా దాని మీదే. ఈలోపు హెలికాప్టర్ ఒక పెద్ద మేఘం కింద, బలంగా కిందికి తోసే గాలిలోకి వెళ్ళింది. చివర్లో కో-పైలట్ "గో అరౌండ్" అని మళ్ళీ మళ్ళీ అరిచిన మాటలు రికార్డరులో ఉన్నాయి. 9 గంటల 27 నిమిషాలకి అంతా అయిపోయింది.

నివేదికలో నన్ను ఇప్పటికీ వదలని ముక్క వేరే ఉంది. ఆ ఆయిల్ ప్రెషర్ తగ్గడం ప్రమాదానికి నేరుగా కారణం కాదట. హెలికాప్టర్‌ని పడేసింది గాలి. ఎర్ర లైటు చేసింది ఒక్కటే, ఇద్దరు మనుషుల కళ్ళని కిటికీ మీదనుంచి పుస్తకం మీదకి మళ్ళించడం.

ఆ వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిందికి తోసే గాలంటే ఆయనకి ఎట్లా చెప్పాలా అని చాలా ఆలోచించాను గానీ, చెప్పాల్సిన పనే పడలేదు. "ఎండాకాలం వాన వచ్చే ముందు సల్లగా ఈడ్చి కొడతది, పట్టాలు లేచిపోతయ్యే, అదేనా?" అన్నాడు. అదే! పై నుంచి జారిన చల్లగాలి నేలకి కొట్టుకుని నలుదిక్కులకీ పారితే కల్లంలో పట్టా లేచిపోతుంది. నేల మీద ఉన్న మనకి అది పక్కనుంచి వచ్చే గాలి. సరిగ్గా దాని కింద గాల్లో ఉన్నవాడికి నెత్తిన పడే గాలి. ఒక్క రాత్రిలో యాభై టిక్కీల కాయ తడిసి తాలు అయిపోయిన మనిషికి ఆ గాలి బలం గురించి నేను చెప్పేదేముంది?

ఆయిల్ లైటు సంగతీ చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"లైటు వెలిగితే మనం బండి పక్కన ఆపి చూస్తాం. ఆళ్ళు యాడ ఆపాలి?"

"ఆపలేరు నాన్నా. అందుకే ఒకళ్ళు నడపాలి, ఒకళ్ళు పుస్తకం చూడాలి. ఇద్దరూ పుస్తకం చూశారు."

"అయితే తప్పు ఆ డ్రైవర్లదేనా?"

"పైలట్లు నాన్నా... ఊఁ, చాలావరకు."

"చచ్చినోళ్ళ మీద ఎయ్యటం తేలికరా. లేచొచ్చి మాట్టాడరుగా."

నేను విసుక్కున్నాను. నీకు కుట్ర కావాలి, కాయితం మీద నిజం రాసిస్తే నచ్చదు అన్నాను. సీబీఐ చూసినా కుట్రకి ఆధారం దొరకలేదన్న సంగతి తర్వాత ఫోన్లో చెప్పినా ఆయన "సర్లే" అన్నాడంతే. చదువుకోని మనిషి, టీవీ చూసి చెడిపోయాడు అని తీర్మానించుకున్నాను. ఎంత పొగరో చూడండి.

ఇప్పుడు నా కథ. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా సగమే తెలుసు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకి నేనొక కంపెనీలో (పేరొద్దు) బిల్లింగ్ సిస్టం సపోర్టు టీముకి లీడ్‌ని. ఒక అర్ధరాత్రి అలర్ట్ వచ్చింది. లాగ్స్ ఉండే డిస్కు 90 శాతం నిండింది అని. ఎర్ర రంగు, పెద్దక్షరాలు. కాల్ మీద నలుగురం చేరాం. ఏ ఫైళ్ళు తీసెయ్యొచ్చో చెప్పే రన్‌బుక్ ఉండాలి, వికీలో వెతికితే మూడు వెర్షన్లు దొరికాయి. మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఏది కరెక్టని నలభై నిమిషాలు కొట్టుకున్నాం. క్లయింట్ మేనేజరు కూడా లైన్లోకొచ్చాడు, ఇక నా గొంతు మరీ పెద్దదైంది.

ఆ నలభై నిమిషాల్లో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు, ఇరవైమూడేళ్ళుంటాయేమో, రెండుసార్లు అన్నాడు. "అన్నా, పేమెంట్ క్యూ కదలట్లేదు." మొదటిసారి వినపడనట్టు ఊరుకున్నాను. రెండోసారి "ఒక్క నిమిషం ఆగు, ముందు ఇది తేలనీ" అన్నాను. డిస్కు నిండితే ఇంకో నాలుగైదు గంటల తర్వాత నిండేది. క్యూ మాత్రం అప్పుడే ఆగిపోయి ఉంది. సిస్టం మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, చివరికి కదిలినప్పుడు వేలమంది ఖాతాల్లో ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు కోసేసింది. తిరిగి వెయ్యడానికి వారం పట్టింది. ఆ వారంలో ఎవరి ఇంటద్దె చెక్కు వెనక్కి వచ్చిందో, ఎవరి పిల్లాడి ఫీజు ఆగిందో మాకు తెలీదు. మాకు అవన్నీ టికెట్ నంబర్లు.

తర్వాత మూలకారణం రాయాలి కదా, రిపోర్టు. రాసింది నేను. "క్యూ ఆగిన సంగతిని మానిటరింగ్ ఇంజనీరు సకాలంలో పైకి తీసుకురాలేదు." ఇంగ్లీషులో ఇంకా మర్యాదగా ఉంటుంది ఆ వాక్యం. అబద్ధం అని ఎవరూ అనలేరు. పైకి తీసుకురావడం అంటే ఫలానా టూల్‌లో ఫలానా బటన్ నొక్కడం, వాడు నొక్కలేదు మరి. నోటితో రెండుసార్లు చెప్పాడు. కాల్ రికార్డింగు ఎవరూ వినలేదు. వినమని నేను అడగలేదు. ఆ ఏడు వాడి రేటింగ్ అడుగుకి పోయింది. ఆర్నెల్లకి మానేశాడు. వీడ్కోలు కేకు కోసేటప్పుడు నేను వాడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాను కూడా.

అప్పట్నుంచే నాకు విమాన ప్రమాదాల నివేదికలు చదివే పిచ్చి పట్టింది. పైకి మాత్రం, మా ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగులకి బాగా పనికొస్తాయని చెప్పేవాణ్ణి. స్లైడ్లలో పెట్టుకుని చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి కూడా.

ఆ స్లైడ్లలో మొదటిది ఎప్పుడూ ఈస్టర్న్ 401. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర. ముందు చక్రం దిగిందని చూపించే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఎవరూ గమనించకుండా ఆటోపైలట్ ఎత్తుని వదిలేసింది. మంచి విమానం నెమ్మదిగా దిగుతూ దిగుతూ చిత్తడి నేలలో దిగబడింది. 101 మంది పోయారు. ఎత్తు తగ్గుతోందని చిన్న గంట మోగింది, ఎవరూ వినలేదు. బల్బు మాడిపోయింది, అంతే. చక్రం బాగానే దిగింది. ఈ కథ చెప్పగానే హాల్లో అందరూ "ఓహ్" అంటారు, నేను "అలర్టుల్ని చూసి కంగారు పడకండి" అని ముగిస్తాను. బాగుంటుంది.

కానీ ఇంకోటి ఉంది, దాన్ని నేను స్లైడ్లలో ఎప్పుడూ పెట్టలేదు. పావురాలగుట్ట ప్రమాదానికి ఆర్నెల్ల ముందు, అదే 2009లో, మార్చి 12న కెనడాలో సముద్రం మీద కూగర్ 91 అనే హెలికాప్టర్. సికోర్‌స్కీ ఎస్-92. చమురు బావుల దగ్గరకి పనివాళ్ళని తీసుకెళ్తోంది. అక్కడా అదే లైటు! గేర్‌బాక్సులో ఆయిల్ ప్రెషర్ పోయింది. పైలట్లు కంగారు పడలేదు. వెనక్కి తిప్పి ఒడ్డు వైపు బయల్దేరారు. ఈ గేర్‌బాక్సు ఆయిల్ లేకపోయినా అరగంట తిరుగుతుంది అని ఆ రంగంలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. ఆ మోడల్‌కి అనుమతి వచ్చిందే, ఆయిల్ మొత్తం పోవడం దాదాపు జరగనే జరగదు అనే లెక్క మీద. ఫిల్టరు గిన్నెని బిగించే టైటానియం బోల్టులు విరిగి ఆయిలంతా కారిపోయింది. హెచ్చరిక వచ్చిన పది, పదకొండు నిమిషాల్లో సముద్రంలో పడింది. 18 మందిలో 17 మంది పోయారు.

అంటే ఒకే ఏడాదిలో, ఒకే లైటు. ఒకచోట దాన్ని పక్కనపెట్టి కిటికీలోంచి చూసుంటే బతికేవాళ్ళేమో. ఇంకోచోట దాన్ని నమ్మి వెంటనే నీళ్ళ మీద దించి ఉంటే బతికేవాళ్ళేమో. లైటుకి తేడా తెలీదు. లోపల కూర్చున్నవాళ్ళకి తెలియడానికి ఉన్నది ఆరు నిమిషాలో, పదకొండు నిమిషాలో. నివేదిక రాసేవాళ్ళకి నెలలు, ఏసీ గది, టీ. నాకూ అంతే కదా. నలభై నిమిషాల గందరగోళాన్ని రెండు వారాలు తీరిగ్గా కూర్చుని రాశాను, తప్పు ఎక్కడికి పోవాలో చూసుకుని మరీ.

త్యాగి కమిటీ నిజాయితీగా పని చేసిందనే ఇప్పటికీ నా అభిప్రాయం. సాంకేతికంగా దాంట్లో వేలు పెట్టే అర్హత నాకు లేదు. పైలట్ల శిక్షణ గురించీ, వీఐపీల ప్రయాణాల గురించీ సిఫార్సులు చేసింది. కానీ జనంలోకి వచ్చేసరికి మిగిలింది రెండే మాటలు. ఒకటి కుట్ర, రెండు పైలట్ల తప్పు. మధ్యలో ఉన్న ఆ మాన్యువల్, చేతికి దొరకని ఆ పేజీ, దాని గురించి ఒక్క చర్చా కార్యక్రమంలో విన్న గుర్తు లేదు. దొరకని పేజీని ఎవరు రాశారు, ఎక్కడ పెట్టారు, గాల్లో ఊగే క్యాబిన్లో దాన్ని తెరిచి చూడటం ఎంత కష్టం? మూడు వెర్షన్ల వికీ పేజీ చూసినవాడికి తెలుస్తుంది ఈ ప్రశ్న బరువు.

ఇంకోటి. ఆ రోజు పోయింది అయిదుగురు. ముఖ్యమంత్రితో పాటు ఆయన కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. నాన్నని అడిగితే ఈ నాలుగు పేర్లూ చెప్పలేడు. నేనూ చాలాకాలం చెప్పలేకపోయాను. ఆ కాక్‌పిట్ గురించి పదేళ్ళు ఉపన్యాసాలిచ్చి కూడా.

సరే, ట్రాక్టర్ దగ్గరకి వస్తే.

ఆ సాయంత్రం వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నప్పుడు, ఎందుకో తెలీదు, ఆ కుర్రాడి సంగతి మొత్తం నాన్నకి చెప్పేశాను. క్యూ అంటే ఏంటో, రేటింగ్ అంటే ఏంటో తంటాలు పడి చెప్పాను. తిడతాడేమో అనుకున్నా. తిట్టలేదు. యార్డులో కాటా దగ్గర జరిగింది ఒకటి చెప్పాడు. ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట, తూకంలో కాయ తక్కువొచ్చింది. రైతూ, కమిషన్ వ్యాపారీ, గుమాస్తా అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చివరికి టిక్కీ మోసిన హమాలీ దొంగిలించాడన్నారు. వాడి కూలి కోసేశారు. "కాటాకి పాసంగం ఉందని నాకు తెలుసురా. నా సరుకు కూడా అదే కాటా మీద ఎక్కాలి గదా ఆ రోజు. ఊరుకున్నా."

అప్పుడు అర్థమైంది, కల్లంలో ఆయన అన్న మాట. ఆయన కుట్ర గురించి అనలేదు. నేనే ఆయన నోట్లో కుట్ర పెట్టి పన్నెండేళ్ళకి పైగా వాదించాను.

హైదరాబాద్ వచ్చాక ఆ కుర్రాడిని లింక్డ్‌ఇన్‌లో వెతికాను. ఇప్పుడు కుర్రాడేం కాదు, పెద్ద పొజిషన్లోనే ఉన్నాడు. మెసేజ్ రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మొత్తానికి పంపాను. ఆ రాత్రి నువ్వు రెండుసార్లు చెప్పావు, నేను విన్నాను, రిపోర్టులో రాయలేదు, తప్పు నాది అని. రెండు రోజులు ఏం లేదు. మూడో రోజు జవాబొచ్చింది.

"అదెప్పుడో అయిపోయింది అన్నా. కాకపోతే ఆ రిపోర్టు నేను చదవలేదనుకున్నారా?"

అంతే. ఇంకేం రాయలేదు. నేను కూడా ఇంకేం అడగలేదు. ఆ ప్రశ్నార్థకం వైపు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో.

ఫిబ్రవరిలో మళ్ళీ ఊరెళ్ళినప్పుడు మెకానిక్‌ని పట్టుకొచ్చాను. పావుగంట పని. ఇంజన్ పక్కన ఉండే ఆయిల్ ప్రెషర్ స్విచ్ పాడైందంట, అందుకే లైటు ఎప్పుడూ వెలుగుతోంది. ఇంజన్‌కి ఏం కాలేదు. "ఇన్నేళ్ళూ లైటు మూసుకుని ఎట్టా నడిపావు పెదనాన్నా?" అని మెకానిక్ కుర్రాడు అడిగితే, నాన్న ఏం మాట్లాడకుండా ఆయిల్ చూసే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూపించాడు. గీతకి సమానంగా ఉంది. రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు చూస్తాడంట. పుల్ల చెప్పేది ఎంత ఆయిల్ ఉందో, లైటు చెప్పేది దాని ప్రెషర్ ఎంతో, రెండూ ఒకటి కాదు అని నేను మొదలెట్టాను గానీ ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

కొత్త స్విచ్ వేశాక టేపు పీకి తాళం తిప్పాం. లైటు వెలిగింది. ఇంజన్ అందుకోగానే ఆరిపోయింది, ఆరాల్సినట్టే. నాన్న దాని వంక అనుమానంగా చూశాడు.

"ఇన్నాళ్ళూ వెలుగుతానే ఉండేది. ఇప్పుడు ఆరిపోతే భయంగా ఉందిరా."

బండి ఆపేసి, దిగి, పుల్ల లాగి మళ్ళీ చూసుకున్నాడు.